ఒరేయ్ శీనూ, మళ్లీ టెస్ట్ ఎందుకురా?

శీనూ,

జననాంగాల హెర్పిస్‌కి ఇచ్చిన ఎసైక్లోవిర్ కోర్సు పూర్తయింది, పుండ్లు మానాయి, మంచిదే. కానీ పెళ్లిలోపు ఇంకోసారి రక్తపరీక్ష చేయించుకుని ‘నెగెటివ్’ అన్న కాగితం చూస్తే గానీ టెన్షన్ తగ్గదంటున్నావే, ఆ డబ్బులు దండగరా. ఐజీజీ టెస్ట్ వెతికేది వైరస్‌ని కాదు, దానికోసం ఒంట్లో పుట్టిన యాంటీబాడీలని. అవి సాధారణంగా జీవితాంతం ఉంటాయి. మందు ఎంత బాగా పనిచేసినా రిపోర్టు పాజిటివ్ అనే వస్తుంది. మొదట్లో పుండు నుంచి స్వాబ్ తీసి పీసీఆర్ (వైరస్ జన్యుపదార్థాన్నే పట్టే టెస్ట్) చేశారు చూడు, హెచ్‌ఎస్‌వీ-2, అంటే హెర్పిస్ వైరస్‌లో రెండో రకం అని తేల్చింది అదే, అది చాలు. ల్యాబ్ వాళ్లు ఐజీఎం అనే ఇంకో రకం యాంటీబాడీ టెస్ట్ కూడా అంటే వద్దను. కొత్తగా వచ్చిందో పాతదో దాంతో తేలదు.

ఎసైక్లోవిర్ వైరస్ పెరగకుండా ఆపుతుంది గానీ, వెన్ను అడుగున నరాల కణాల్లో నక్కినదాన్ని ఏమీ చేయలేదు. పైన పుండు లేకపోయినా అది అప్పుడప్పుడు చర్మం మీదికి వస్తుంటుంది. చాలామందికి అంటేది అలాంటప్పుడే.

అలాగని బెంబేలెత్తకు. 2004లో వచ్చిన ఒక అధ్యయనంలో 1484 జంటల్ని చూశారు, ఒకరికి హెచ్‌ఎస్‌వీ-2 ఉంది, ఇంకొకరికి లేదు. కండోమ్ వాడమని అందరికీ చెప్పారు. వైరస్ ఉన్నవాళ్లు ఉత్తుత్తి మాత్ర వేసుకున్న జంటల్లో ఎనిమిది నెలల్లో 3.6 శాతం మంది భాగస్వాములకి అంటింది. వాళ్లు రోజూ 500 మిల్లీగ్రాముల వాలాసైక్లోవిర్ (ఒంట్లోకి వెళ్లాక ఎసైక్లోవిర్‌గా మారే మందు) వేసుకున్నచోట 1.9 శాతానికే. సున్నా కాదు, కానీ సుమారు సగం. పుండు వచ్చే ముందు మంట, జివ్వుమనడం మొదలైతే మాత్రం మందు వాడుతున్నా దూరంగా ఉండాల్సిందే.

ఇక నువ్వు తప్పించుకుంటున్న సంగతి. ఆ అమ్మాయికి పెళ్లికి ముందే చెప్పు. తర్వాత మెల్లగా చెప్తానంటే నేను ఒప్పుకోను. గర్భం చివరి నెలల్లో తల్లికి కొత్తగా అంటితే కాన్పులో బిడ్డకి ప్రమాదం. డాక్టరుకి ముందే తెలిస్తే జాగ్రత్త పడతారు. తనూ ఐజీజీ చేయించుకోవచ్చు, తనకి ఇదివరకే హెచ్‌ఎస్‌వీ-2 ఉంటే నీ నుంచి అంటుతుందన్న బెంగ దాదాపు ఉండదు. ఎక్కువగా నోటి దగ్గర పుండ్లు తెచ్చే మొదటి రకం, హెచ్‌ఎస్‌వీ-1, పాజిటివ్ వస్తే కంగారుపడొద్దను, అది చాలామందికి చిన్నప్పుడే అంటుతుంది. హెచ్‌ఎస్‌వీ-2 అంకె కొంచెమే పైకొస్తే మాత్రం అప్పుడే నమ్మకండి, తప్పుడు పాజిటివ్‌లు అక్కడే ఎక్కువ.

మీ ఊళ్లో చర్మవ్యాధుల డాక్టర్ దగ్గరికి వెళ్లాలంటే సిగ్గయితే ప్రభుత్వాసుపత్రిలో ఇలాంటి సుఖవ్యాధులు చూసే సురక్ష క్లినిక్ ఉంటుంది, ఉచితం. రోజూ మాత్ర ఎన్నాళ్లు వాడాలో, నీ కిడ్నీల్ని బట్టి డోసు మార్చాలో అక్కడ అడుగు. తోడు రమ్మంటే వస్తాను, అట్నుంచి అటే నా పంచె కూడా కొనుక్కోవాలి.

నీ
రాజు