ఫౌంటెన్ చేసుకోండి, పంపుని మాత్రం అతికించకండి

ఎడిటర్ గారికి, నమస్కారం.

ఇంట్లో బల్ల మీద పెట్టుకునే చిన్న ఫౌంటెన్ ఎలా చేసుకోవాలో మీ ఆదివారం పేజీలో వేశారు. పద్ధతి తేలికగా ఉంది, ఖర్చూ తక్కువే. కానీ పంపు కదలకుండా ఎం-సీల్ పెట్టి గిన్నె అడుగుకి అతికించేసి, పైన రాళ్ళు పేర్చమన్నారు చూడండి, అక్కడ నాకు ఒళ్ళు మండింది. నేను ఒంగోలు కర్నూలు రోడ్డు పక్క సందులో మోటార్లు చుట్టే మనిషిని. ఎండలు ముదిరితే నా కొట్టు ముందు కూలర్ పంపులు కుప్పపడతాయి. వాటితోపాటు ఈ ఫౌంటెన్లూ వస్తుంటాయి. గృహప్రవేశానికి కానుకగా వచ్చినవి కొన్ని, పిల్లలు సైన్స్ ఫేర్‌కి చేసినవి కొన్ని. చాలావాటిలో మోటారు బంగారంలా ఉంటుంది. దాన్ని బయటికి తీయడానికే దారి ఉండదు.

అరచేతిలో ఇమిడే ఆ పంపులో ఉండే సామాను బహు తక్కువ. ఒక రాగి చుట్ట, దానికి నీళ్ళు తగలకుండా చుట్టూ రెసిన్ పోత. మధ్యలో వేలు దూరేంత గుంత. ఆ గుంతలో తిరిగేది చిన్న అయస్కాంతం, దాని కొసన రెక్కల చక్రం. అంతే. తిరిగే భాగానికి వైరు లేదు, బ్రష్ లేదు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి అది నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది. తమాషా ఏమిటంటే, స్విచ్ వేయగానే కుడికి తిరగాలా ఎడమకి తిరగాలా అన్నది దానిష్టం. అందుకే రెక్కలకి వంపు పెట్టరు, తిన్నగా ఉంచుతారు. ఎటు తిరిగినా నీళ్ళు తోస్తుంది. ముందు మూత గోటితో లాగితే ఊడి వస్తుంది, అయస్కాంతం చేత్తో పట్టుకుంటే వస్తుంది, స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. తయారుచేసినవాడు విప్పి కడుక్కుంటారనే అలా చేశాడు. మనం తీసుకెళ్ళి దాన్ని సిమెంటులో సమాధి చేస్తున్నాం.

విప్పి కడగాల్సిన అవసరం ఎందుకంటే, మన నీళ్ళు. ఒంగోల్లో కుళాయికి వచ్చేవి సాగర్ కాలువ నీళ్ళు. అవి తాగడానికీ వంటకీ సర్దుకుంటాం. ఫౌంటెన్‌లో పోసేది బోరు నీళ్ళే. తాగే నీళ్ళలో కాఠిన్యం, అంటే గట్టి నీళ్ళలో ఉండే సున్నం లాంటి ఉప్పులు, లీటరుకి 200 మిల్లీగ్రాములు దాటకుండా ఉంటే మంచిదనీ, వేరే గతి లేకపోతే 600 దాకా పర్వాలేదనీ మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ లెక్క. బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగు చూస్తే మన లెక్క ఎక్కడుందో ఎవరికైనా తెలుస్తుంది. పైగా ఫౌంటెన్‌లో ఇంకో చిక్కుంది. ఆవిరైపోయేది నీరొక్కటే, ఉప్పులు గిన్నెలోనే ఉండిపోతాయి. తగ్గిందని మళ్ళీ బోరు నీళ్ళు పోస్తాం, మళ్ళీ ఆవిరి, మళ్ళీ పోత. నెల తిరిగేసరికి ఆ నీళ్ళు మొదట పోసిన నీళ్ళు కావు. ఆ సున్నం వెళ్ళి అయస్కాంతానికీ గుంతకీ మధ్య ఉన్న సన్నటి సందులో పేరుకుంటుంది. పంపు గుయ్‌మంటుంది, తిరగదు.

మొన్నామధ్య ఒక పంతులమ్మ గారు ఆటోలో తెచ్చారు ఒకటి. రిటైరైనప్పుడు స్కూల్లో పిల్లలంతా కలిసి ఇచ్చారట. "ఏమయ్యా, మోటారు కాలిపోయిందా?" అన్నారు. "కాలలేదమ్మా, బిగుసుకుంది. చెంచా నిమ్మ ఉప్పుతో పోయే జబ్బు. కానీ దీని మీద మూడంగుళాల తెల్ల సిమెంటు ఉంది" అన్నాను. ఉలి పెట్టి కొడితే గిన్నె పగులుతుంది. కొట్టకపోతే పంపు రాదు. ఆమె కాసేపు చూసి, "పోనీలే, తులసి మొక్క పెట్టుకుంటా" అని తీసుకెళ్ళిపోయారు. అరగంట పనికి అంత మంచి వస్తువు పూలకుండీ అయింది.

నేను చేసిచ్చేవాటిలో పంపుని దేనికీ అతికించను. దాని కింద రబ్బరు కాళ్ళుంటాయి, గిన్నె అడుగుని అవే పట్టుకుంటాయి. పంపు మీద కూరగాయలు కడిగే ప్లాస్టిక్ జల్లెడ బుట్ట బోర్లిస్తాను. బుట్ట నడిమధ్య కన్నం చేసి గొట్టం పైకి తీసి, రాళ్ళన్నీ బుట్ట మీద సర్దుతాను. రాళ్ళు తీసి బుట్ట ఎత్తితే పంపు చేతికొస్తుంది. పంపు గిన్నె గోడకి ఆనకుండా చూసుకోవాలి, ఆనితే గిన్నె మొత్తం మోగుతుంది.

రాయి సంగతికొస్తే, మనకి చీమకుర్తి పక్కనే ఉంది. బ్లాక్ గెలాక్సీ అంటే ప్రపంచమంతా తెలుసు. ఆ నల్లరాతిలో బంగారు చుక్కల్లా మెరిసేది బ్రాంజైట్ అనే ఖనిజం. తడిస్తే ఆ మెరుపు రెట్టింపవుతుంది కాబట్టి ఫౌంటెన్‌కి దాన్ని మించిన రాయి లేదు. కాకపోతే బరువు. 20 ఎంఎం మందం పలక చదరపు అడుగుకే ఐదు కిలోలు దాటుతుంది, సన్నకాళ్ళ టీపాయ్ మీద పెట్టకండి. ఇంట్లో డ్రిల్లింగ్ మిషన్‌తో కన్నం పెట్టాలని చూస్తే అంచులు లేస్తాయి. కిచెన్ గట్లు వేసే రాళ్ళ మేస్త్రీని అడిగితే డైమండ్ బిట్‌తో, నీళ్ళు పోస్తూ నిమిషాల్లో తీసిస్తాడు. అంత శ్రమ వద్దనుకుంటే మార్కాపురం పలక రాయి ఉంది. మామూలు గోడ బిట్టుకే కన్నం పడుతుంది, కాస్త నెమ్మదిగా తిప్పాలి. మట్టి మూకుళ్ళు అందంగా ఉంటాయి గానీ చెమ్మ కారుస్తాయి, కింద పళ్ళెం లేకపోతే బల్ల పాలిష్ పోతుంది. ఇంట్లో అమ్మమ్మల నాటి ఇత్తడి గంగాళం మూల పడి ఉంటే అన్నిటికన్నా అదే మేలు.

గిన్నె ఎంతుండాలో మీ వ్యాసంలో రాయలేదు. కరెంటు పోగానే ఫౌంటెన్ పై అంతస్తుల్లో, గొట్టంలో ఉన్న నీళ్ళన్నీ కిందికి దిగిపోతాయి. ఆ నీళ్ళు కూడా పట్టేంత ఖాళీ అడుగు గిన్నెలో ఉండాలి. ఒంగోల్లో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం కదా. ఫౌంటెన్ ఆడుతుండగా అంచుదాకా నింపితే, కరెంటు పోయిన ప్రతిసారీ బల్ల తుడుచుకోవాలి. అలాగని తక్కువ పోస్తే పంపు మునగదు. దాన్ని చల్లబరిచేదీ, దానికి నూనెలా పనిచేసేదీ ఆ నీళ్ళే. నీళ్ళు లేకుండా తిరిగితే మాత్రం నిజంగానే పోతుంది, అప్పుడు నిమ్మ ఉప్పు ఏమీ చేయలేదు.

పంపు కొనేటప్పుడు డబ్బా మీద హెచ్-మాక్స్ అని ఉంటుంది. అంత ఎత్తుకి నీళ్ళు పోస్తుందని కాదు, అంత ఎత్తు దగ్గర ఆగిపోతుందని. అడుగు ఎత్తు ఫౌంటెన్‌కి రెండు మూడు అడుగుల హెచ్-మాక్స్ ఉన్నది చాలు. 18 వాట్ల కూలర్ పంపు దొరికింది కదా అని పెడితే ఎదురుగా కూర్చున్నవాళ్ళ మీద చిమ్ముతుంది. కరెంటు ఖర్చు గురించి భయం అక్కర్లేదు. 5 వాట్ల పంపు రోజుకి పది గంటలు తిరిగినా నెలకి యూనిటున్నర.

ఫౌంటెన్ పెడితే గది ఏసీలా చల్లబడుతుందని మీ వ్యాసంలో అన్నారు, చదివినవాళ్ళు అది నమ్మకండి. లీటరు నీరు ఆవిరైతే లాక్కునే వేడి యూనిట్‌లో మూడింట రెండొంతులకి సమానం. ఒక టన్ను ఏసీ గంటకి మూడున్నర యూనిట్ల వేడి బయటికి తోస్తుంది. అంటే బల్ల మీది గిన్నెలోంచి గంటకి ఐదు లీటర్లు ఆవిరవ్వాలి. సముద్రపు గాలి తగిలే ఊళ్ళో అది జరిగే పని కాదు. నీళ్ళ చప్పుడు వింటే ప్రాణం హాయిగా ఉంటుంది, దానికోసం పెట్టుకోండి. ఈశాన్యంలోనే పెట్టాలా అని కూడా అడుగుతుంటారు నన్ను. ప్లగ్గు ఎక్కడుంటే అక్కడ పెట్టమంటాను.

ఏ నీళ్ళు పోయాలంటే, వాన నీళ్ళు మేలు. అవి దొరకని రోజుల్లో ఏసీ పైపు నుంచి కారే నీళ్ళు బకెట్‌లో పట్టుకోండి. గాలిలో తేమే చల్లబడి నీరైంది కాబట్టి అందులో ఉప్పు దాదాపు ఉండదు. తాగడానికి పనికిరావు గానీ పంపుకి అమృతం. ఆర్ఓ మిషన్ వదిలేసే నీళ్ళు మాత్రం వద్దే వద్దు, బోరు నీళ్ళ ఉప్పంతా చిక్కబడి ఉండేది అందులోనే.

వారానికోసారి గిన్నె పూర్తిగా వంచేయాలి. పైపైన పోసుకుంటూ పోతే దోమలకి పురిటిల్లు అవుతుంది. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా వారం పది రోజులే పడుతుంది, దానికి మంచినీళ్ళే ఇష్టం. శుక్రవారం డ్రైడే అని ఇంటింటికీ వచ్చి చెబుతూనే ఉన్నారు, ఆ రోజే దీన్నీ వంచేస్తే సరి. పంపు గుయ్‌మన్నప్పుడు గ్లాసుడు గోరువెచ్చని నీళ్ళలో చెంచా నిమ్మ ఉప్పు కలిపి, అయస్కాంతాన్ని అరగంట నానేసి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. బాత్రూమ్ యాసిడ్ జోలికి పోకండి. ఆ నిమ్మ ఉప్పు నీళ్ళు గిన్నెలోనే పోసేట్టయితే, కొత్తపట్నం బీచ్‌లో ఏరుకొచ్చిన గవ్వలు అందులో ఉంటే ముందే తీసేయండి, పులుపు తగిలితే బుసబుసా పొంగి కరిగిపోతాయి.

ఇక వైరు. కూలర్ తగిలి షాక్ కొట్టిందన్న వార్త ప్రతి ఎండాకాలం మీ పేపర్లోనే చదువుతుంటాం. ఫౌంటెన్‌దీ అదే పంపు, అవే నీళ్ళు, పైగా పిల్లలు చెయ్యి పెట్టే ఎత్తు. వీలైతే 5 లేదా 12 వోల్టుల అడాప్టర్‌తో నడిచే పంపే కొనండి. 230 వోల్టులదైతే ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్. వైరుని ప్లగ్గుకన్నా కిందికి వేలాడేలా ఒక వంపు తిప్పి పైకి తీసుకెళ్ళండి. వైరు వెంట కారే చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది, ప్లగ్గులోకి పోదు. వైరు పొట్టి అయిందని ముక్క కలిపి టేపు చుట్టి నీళ్ళలో ముంచకండి. గిన్నెలో చెయ్యి పెట్టేముందు స్విచ్ కట్టేయడం కాదు, ప్లగ్గే పీకేయండి.

ఎడిటర్ గారికి నా మనవి ఒకటే. వేసవి సెలవుల్లో పిల్లలు మీ పేజీ ముందు పెట్టుకుని ఇది చేస్తారు. ఈలోపే పంపు అతికించొద్దని, వైరుకి వంపు పెట్టమని ఒక బాక్స్ ఐటెమ్ వేయండి. దానికి ఫొటో తీసేటప్పుడు వైరు కూడా పడేలా తీయమనండి. మీరు వేసిన ఫొటోలో నీళ్ళు చక్కగా దూకుతున్నాయి గానీ వైరు మాత్రం ఎక్కడా లేదు.

ఇట్లు,
ఒక మోటార్ వైండింగ్ మెకానిక్,
ఒంగోలు.