మొక్క ఇచ్చేటప్పుడే దూరం కూడా చెప్పాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. మృగశిర దాటి వానలు నిలదొక్కుకోగానే మన వాడల్లో మొక్కల పంపిణీ మొదలవుతుంది. 2015లో హరితహారం పేరుతో మొదలై ఇప్పుడు వనమహోత్సవంగా సాగుతున్న ఈ పని మంచిది, ఆగకూడనిది. పట్టణాల బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలని 2019 మున్సిపల్ చట్టం చెబుతోంది. కానీ మొక్కను చేతికిచ్చేవారు దాన్ని గోడకు ఎంత దూరంలో పెట్టాలో చెప్పడం లేదు. ఏప్రిల్, మే నెలల గాలిదుమారాలకు రేకుల ఇళ్ల మీద, కరెంటు తీగల మీద పడే చెట్లలో చాలావాటికి నాటిన రోజే లోపం పడి ఉంటుంది.

హనుమకొండ, కాజీపేట కాలనీల్లో 200 గజాల ప్లాటంటే 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు. ఇల్లు కట్టగా ముందు మిగిలేది అయిదారడుగులు. అక్కడ వేప పెడితే పదిహేనేళ్లకు మొదలు లావెక్కి ప్రహరీని నెడుతుంది. వేప, కానుగ, నేరేడుకు గోడ నుంచి కనీసం 15 అడుగులు కావాలి. మర్రి, రావి, నిద్రగన్నేరులకు 40 అడుగులైనా ఉండాలి, అవి చెరువుగట్టుకూ బడి ఆవరణకూ తగినవి. చిన్న ప్లాటులో జామ, దానిమ్మ, సీతాఫలం, నిమ్మ, కరివేపాకు, పారిజాతం హాయిగా పెరుగుతాయి, వీటికి 6 నుంచి 10 అడుగులు చాలు. మునగ కొమ్మ పెళుసు కాబట్టి బండ్లు నిలిపే చోట వద్దు. సజ్జ మీదో పిట్టగోడ పగుల్లోనో మొలిచిన రావి పిలకను బెత్తెడు ఉన్నప్పుడే వేరుతో సహా లాగేయండి, ఆలస్యమైతే స్లాబునే చీలుస్తుంది.

దూరంతో పాటు నేలనూ చూడాలి. మన చుట్టుపక్కల చాలాచోట్ల రెండడుగుల ఎర్ర చెల్క కింద గట్టి మొరం తగులుతుంది. వేరు దాన్ని తొలచలేక పక్కలకు పాకుతుంది, చెట్టు పైకి ఎంత నిండుగా కనిపించినా కింద పళ్లెంలా పలుచగా కూర్చుని ఉంటుంది. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి-మేడారం అడవిలో ఒక్క గాలివానకు వేలాది చెట్లు వేళ్లతో సహా ఒరిగాయి. అడవిలోనే అలా జరిగిందంటే, చుట్టూ సిమెంటు పోసిన వీధిలో చెట్టు ఏపాటి నిలుస్తుందో ఆలోచించాలి. నల్లరేగడిది ఇంకో చిక్కు. అది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. పెద్ద చెట్టు ఎండాకాలం ఆ నేలలోని తడిని పీల్చేస్తే పునాది కింద మట్టి దిగి, కిటికీల మూలల నుంచి గోడకు ఏటవాలు పగుళ్లు వస్తాయి. అందుకే రేగడిలో చెట్టు ఎంత ఎత్తు ఎదుగుతుందో కనీసం అంత దూరం పాటించడం క్షేమం. ఇంటికన్నా ముందు నుంచే ఉన్న పెద్ద చెట్టును ఒక్కసారిగా కొట్టేయడమూ మంచిది కాదు, తాగే చెట్టు లేక నేల మళ్లీ నీరు పట్టి ఉబ్బి పునాదిని పైకి నెడుతుంది.

గుంత 3 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 3 అడుగుల లోతు ఉండాలి. మొరం తగిలినచోట ఆగిపోకుండా గడ్డపారతో గుంత అడుగుభాగాన్ని ఇంకో అడుగు లోతు కుళ్లగించాలి, లేకపోతే గుంత నీళ్లు నిలిచే తొట్టిలా తయారై వేరు కుళ్లుతుంది. పైమట్టిని ఒక పక్క, అడుగుమట్టిని ఇంకో పక్క పోసుకుని, పైమట్టిలో రెండు గంపల మాగిన పశువుల ఎరువు, కిలో వేపపిండి కలిపి నింపాలి. పచ్చి పేడ వేస్తే చెదలును పిలిచినట్టే. నింపిన మట్టిని కాలితో అణచి, నీళ్లు పోసి, కుంగాకే మొక్క పెట్టాలి.

అందరూ తొందరపడేది ఆ తర్వాతే. పాలిథిన్ సంచిని బ్లేడుతో నిలువునా కోసి పూర్తిగా తీసేయాలి. సంచిలో ఏడాది పైగా ఉన్న మొక్కకు వేళ్లు అడుగున చుట్టలు చుట్టుకుని ఉంటాయి. వాటిని అలాగే పాతితే నేలలోనూ చుట్టలుగానే లావెక్కి, పదేళ్ల తర్వాత మొదలునే బిగించేస్తాయి. అప్పుడు చెట్టు పచ్చగా ఉండగానే గాలికి మొదలు దగ్గరే విరుగుతుంది. అడుగున అంగుళం మట్టిని చుట్టలతో సహా కోసి, పక్క వేళ్లను విడదీసి పెట్టాలి. కాండం వేరుగా మారే మెడ నేలమట్టానికే ఉండాలి. ‘గట్టిగా నిలబడుతుంది’ అని జానెడు లోతుకు పాతితే మెడ దగ్గర బెరడు కుళ్లుతుంది.

ఊతకర్రలు మట్టిగడ్డకు బయట రెండు పాతి, గోనెపట్టీతో వదులుగా కట్టాలి. కాండం కొంచెం ఊగితేనే లావెక్కుతుంది. ఏడాదికి ఊత తీసేయాలి. ఇనుప ట్రీగార్డును అయిదారేళ్లు వదిలేస్తే చువ్వ బెరడులోకి దిగుతుంది, వీధుల్లో అలా నలిగిన చెట్లు కొల్లలు. మొదటి రెండు ఎండాకాలాలు వారానికి రెండుసార్లు 20 లీటర్ల చొప్పున, మొదలు దగ్గర కాకుండా అడుగు ఎడంగా చేసిన పాదులో నీళ్లు పోయాలి. రోజూ చెంబెడు పోస్తే వేళ్లు పైపైనే తిరుగుతాయి. పాదులో మూడంగుళాల ఎండుటాకులు పరచండి, కాండానికి మాత్రం తగలనీయకండి.

ఎదిగిన చెట్టును మనమే చంపే తీరులున్నాయి. వాకిట్లో టైల్సు మొదలు దాకా పరచడం ఒకటి. కనీసం 4 అడుగుల చదరం మట్టి వదలాలి. ఇల్లు కట్టగా మిగిలిన మొరం, ఇటుక ముక్కలు చెట్టు మొదట్లో పోయడం ఇంకొకటి. అడుగు ఎత్తు పోసినా వేళ్లకు గాలి అందక రెండు మూడేళ్లలో చెట్టు ఎండుతుంది. ఊడ్చిన చెత్త మొదట్లో తగలబెడితే బెరడు కింది పచ్చిపొర మాడుతుంది. అన్నిటికన్నా ప్రమాదం మోరీ తవ్వకం. కాండం అడ్డుకొలతకు మూడు రెట్ల దూరం లోపల, అంటే అడుగు లావు చెట్టుకు మూడడుగుల లోపల, జేసీబీతో వేళ్లు తెంపితే చెట్టుకు ఒక పక్క పట్టు పోయినట్టే. అది ఆ రోజు పడదు, తర్వాతి వానల్లో పడుతుంది. ఇక డ్రైనేజీ పైపులోకి వేళ్లు వచ్చాయని చెట్టును నిందించేవారు అతుకును చూడాలి. గట్టి పైపును వేరు చీల్చదు, కారే అతుకు తడిని పట్టుకుని దూరుతుంది.

కరెంటు తీగల కింద 12 అడుగులకు మించి ఎదగని వాటినే పెట్టాలి. తీగకు తగిలే కొమ్మను ఇంటివాళ్లు ఇనుప గెడతోనో పచ్చి వెదురుతోనో కొట్టడానికి పోవద్దు. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేసి, లైన్‌మన్ ఎల్సీ (లైన్ క్లియర్, అంటే లైన్ ఆపే అనుమతి) తీసుకుని సరఫరా ఆపించాకే చెట్టెక్కాలి. కొట్టే తీరూ మారాలి. తల మొత్తం నరికితే మోడు చుట్టూ గుప్పున చిగుళ్లొస్తాయి. అవి చెక్కలోపల నుంచి పుట్టినవి కావు, పైపొరకు అంటుకున్నవే, నాలుగేళ్లకు బరువెక్కి చీలి పడతాయి. లావు కొమ్మను మూడు కోతల్లో తీయాలి: కాండానికి అడుగు ఎడంగా కింది నుంచి మూడో వంతు, దానికి రెండంగుళాల అవతల పై నుంచి పూర్తిగా, చివరికి మిగిలిన మొద్దును కొమ్మ మొదట్లో ఉండే ఉబ్బు అంచున. ఆ ఉబ్బును కోస్తే గాయం మూసుకోదు. ఈ పని గాలిదుమారాలకు ముందే, మాఘ ఫాల్గుణాల్లో చేయించాలి.

చెట్టు మొదట్లో కుక్కగొడుగులు మొలిచినా, చెట్టు ఒరిగిన వైపుకు ఎదురుగా నేల పగిలి లేచినా, రెండు పెద్ద కొమ్మల జంట దగ్గర నిలువు చీలిక కనిపించినా చెట్టు పడే ప్రమాదం ఉన్నట్టే, ఆలస్యం చేయొద్దు. తొర్ర ఉన్నంత మాత్రాన కొట్టేయనక్కర లేదు. రెండడుగుల లావు కాండానికి చుట్టూ 4 అంగుళాల గట్టి చెక్క ఉంటే నిలుస్తుంది. తొర్రలో సిమెంటు నింపకండి, లోపల చెమ్మ ఆగి కుళ్లు పెరుగుతుంది. కొట్టక తప్పకపోతే వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ప్రకారం ముందు అనుమతి తీసుకోవాలి.

నగరపాలక సంస్థకూ పంచాయతీలకూ మనవి. ప్రతి మొక్కతో పాటు దాని ఎదిగే ఎత్తు, గోడకు దూరం, తీగకు దూరం రాసిన చీటీ ఇవ్వండి. ప్లాటు గజాలు అడిగి దానికి తగిన మొక్కే ఇవ్వండి. మోరీ తవ్వే కాంట్రాక్టులో చెట్టుకు వదలాల్సిన దూరం నిబంధనగా పెట్టండి. కొమ్మలు కొట్టే కూలీలకు మూడు కోతల పద్ధతి ఒక్క పూట నేర్పించండి, వచ్చే మాఘంలోపే.

– ఒక పాఠకుడు, హనుమకొండ