ఖగోళ శాస్త్రంలో ఆన్‌లైన్ పీజీ మన యూనివర్సిటీలు పెట్టాలి

సంపాదకులకు నమస్కారం.

పర్లాకిమిడిలో మాకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. నేను ఇక్కడ హైస్కూల్లో సైన్సు చెప్తాను. ఎమ్మెస్సీ ఫిజిక్స్ అయ్యాక సౌర కుటుంబం మీద పీజీ స్థాయిలో చదవాలని ఎంతో ఆశపడ్డాను. ఉద్యోగం, పిల్లలు, పెద్దవాళ్లయిన అత్తమామలు. ఇవన్నీ వదిలి హైదరాబాదులో రెండేళ్లు ఉండడం నాలాంటి వాళ్లకు కుదరదు. ఉస్మానియాలో ఖగోళ శాస్త్ర విభాగం ఉంది, హైదరాబాదు దగ్గరి జపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు పెట్టారు. అంత అనుభవం ఉన్నచోటి పాఠాలు ఆన్‌లైన్‌లో మా దాకా ఎందుకు రాకూడదు?

మెల్‌బోర్న్‌లోని స్విన్‌బర్న్ యూనివర్సిటీ ఎన్నో ఏళ్లు ఆన్‌లైన్‌లోనే ఖగోళ శాస్త్రం పీజీ నేర్పింది. ఆ డాలర్ల ఫీజు టీచరు జీతంతో కట్టేది కాదు.

టెలిస్కోపు ముందు కూర్చోకుండా ఈ చదువేమిటని కొందరు అంటారు. చిన్న టెలిస్కోపుంటే ఇంటి డాబా మీదే చేసే పని చాలా ఉంది. గురుగ్రహం పక్కన కనిపించే చుక్కల్ని రోజూ కాగితం మీద గీస్తూ పోతే ఏ చంద్రుడు ఎన్నాళ్లకు తిరిగొస్తున్నాడో తేలుతుంది. అయో అనే చంద్రుడికి 1.77 రోజులు పడుతుంది. గురుడి నుంచి దాని దూరం 4.22 లక్షల కిలోమీటర్లు. ఈ రెండూ, తిరిగే కాలానికీ దూరానికీ లంకె చెప్పే కెప్లర్ మూడో సూత్రంలో పెడితే గురుడి బరువు భూమికి 318 రెట్లని వస్తుంది. ఆ లెక్క సొంతంగా వేసిన విద్యార్థికి పుస్తకంలోని అంకె మీద నమ్మకం వేరుగా ఉంటుంది.

అక్కడితో ఆగదు. గురుడి మరో రెండు చంద్రుల్లో గనిమీడ్ ఒకసారి తిరిగేలోపు యూరోపా రెండుసార్లు, అయో నాలుగుసార్లు తిరుగుతాయి. ఈ లయ వల్ల అయో కక్ష్య పూర్తి గుండ్రంగా మారలేదు. దగ్గరైనప్పుడు ఎక్కువ, దూరమైనప్పుడు తక్కువగా గురుడు దాన్ని లాగుతుంటాడు. ఆ నలుగుడుకి లోపల వేడి పుడుతుంది. 1979 మార్చి 2న ముగ్గురు శాస్త్రవేత్తలు ఈ లెక్క ప్రచురించారు. వారం రోజుల్లోనే నాసా వ్యోమనౌక వాయేజర్-1 ఫోటోలో అయో మీద అగ్నిపర్వతం ఎగజిమ్ముతూ కనిపించింది! సౌర కుటుంబం ఎందుకు చదవాలని అడిగితే నేను చెప్పేది ఇదే. ఇక్కడ ఊహని అక్కడికి వెళ్లి చూసి తేల్చుకునే వీలుంది.

చంద్రయాన్-2 పంపిన సమాచారాన్ని ఇస్రో తన ప్రదాన్ పోర్టల్‌లో అందరికీ ఇస్తోంది. ప్రాజెక్టు పనికి అంతకన్నా ఏం కావాలి? మన దగ్గర ఈ ఆసక్తి కొత్తది కూడా కాదు. 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా వెళ్లినప్పుడు విశాఖలో అంకితం వెంకట నరసింగరావు గారు తన వేధశాల నుంచి చూసి నమోదు చేశారు. ఒడిశాలో పఠాని సామంత వెదురు పరికరాలతో గ్రహాల స్థానాలను కొలిచారు.

ఆన్‌లైన్ కోర్సులకు యూజీసీ 2020లోనే నిబంధనలు ఇచ్చింది. ఉస్మానియా, ఆంధ్ర యూనివర్సిటీలు కలిసి ముందు ఒక ఏడాది పీజీ డిప్లొమా పెట్టాలి. మొదటి పేపరు సౌర కుటుంబం కావాలి. పాఠాల వీడియోలు తెలుగులో ఉండాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మాకు మబ్బే కాబట్టి, ఆకాశం చూసే పనిని నవంబరు తర్వాత పెట్టాలి. ఒడిశాలో ఉండే తెలుగువాళ్లకు ఫీజులో తేడా చూపకూడదు. పరీక్షా కేంద్రం మాకు పక్కనే ఉన్న పాతపట్నంలో ఇస్తే ఉదయం వెళ్లి రాసి సాయంత్రానికి ఇల్లు చేరుకుంటాం.

– ఒక సైన్సు టీచరు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా