పులిసింది మా డబ్బా, తప్పు పండుది కాదు

అందరికీ నమస్కారం. పోయిన వారం మన పండ్ల ముక్కల డబ్బాలు తీసుకున్నవాళ్లలో పదకొండు మంది ఫోన్ చేశారు. బొప్పాయి జిగురుగా ఉందని కొందరు, కళింగర (పుచ్చకాయ) పులిసిన వాసన వస్తోందని కొందరు. సాయినగర్‌లో మొదటి నుంచీ తీసుకుంటున్న పెద్దాయన ఒకరైతే, "ఏం పాపా, పండ్లు అమ్ముతాండావా, కల్లు అమ్ముతాండావా?" అన్నారు.

అందరికీ ఒకటే జవాబు చెప్పాను: "ఆర్గానిక్ కదండీ, మందులుండవు, అందుకే తొందరగా పాడవుతాయి." ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నార్పల వైపు రైతు కష్టపడి పండించిన కాయ మీద నా తప్పు రుద్దాను.

మందు కొట్టినా కొట్టకపోయినా, కోసిన పండు కోసిన పండే. తొక్క బాగున్నంతసేపు లోపలికి ఏదీ అంత సులువుగా పోదు. కత్తి పడగానే రసం ఊరుతుంది, గాలి తగులుతుంది, చేతికీ కత్తికీ తొక్కకూ ఉన్న సూక్ష్మజీవులకు తీపి దొరుకుతుంది. ఇక కాపాడేది చల్లదనమే. 5 డిగ్రీలు దాటకూడదు. మా ఫ్రిజ్ మీద ఎప్పుడూ 4 అనే ఉంటుంది కాబట్టి నాకేం టెన్షన్ లేదనుకున్నాను.

జరిగిందిది. ఆర్డర్లు పెరిగాయి. తెల్లవారుజామున కోయలేక, రాత్రి తొమ్మిదికే కోయడం మొదలుపెట్టాం. మే నెల అనంతపురం ఎండలో, పగలంతా రేకుల షెడ్డులో ఉన్న కాయలు. చేత్తో పట్టుకుంటే వెచ్చగా ఉన్నాయి. వాటినే కోసి, లోతు గిన్నెల నిండా పోసి, మూత బిగించి ఫ్రిజ్‌లోకి తోశాం. ఫోన్లు మొదలయ్యాక ఒక రాత్రి థర్మామీటర్ తెచ్చి గిన్నె నడిమధ్యలో గుచ్చాను. పన్నెండున్నర అయింది. ఫ్రిజ్ మీద 4. ముక్కల మధ్యలో 16. మూత లోపలివైపు చెమట బొట్లు వేలాడుతున్నాయి, ఒక్కొక్కటే కళింగర మీద పడుతున్నాయి. మా అత్తమ్మ వెనకే నిలబడి చూసి, "వేడన్నం మీద మూత పెడితే పాచిపోదా? ఇదీ అంతే" అంది. థర్మామీటర్ డబ్బులు దండగని కూడా అంది.

ఇప్పుడు కాయల్నే ముందు రాత్రి చల్లబెడుతున్నాం. కోత తెల్లవారుజామున నాలుగుకు. బొప్పాయికి మాత్రం తొందరపడకూడదు. పచ్చిగా ఉన్నప్పుడే ఫ్రిజ్‌లో పెడితే తర్వాత సరిగ్గా పండదు, రుచీ రాదు. బయట మాగాకే లోపలికి. కోసిన ముక్కలు వెడల్పాటి ట్రేలలో పలచగా పరిచి, పూర్తిగా చల్లబడ్డాకే డబ్బాకు ఎత్తుతున్నాం. కర్బూజ తొక్క గరుకుగా ఉంటుంది కదా, ఆ గీతల్లో మట్టి కూర్చుంటుంది. కోసేటప్పుడు కత్తి ఆ మురికిని గుజ్జులోకి లాక్కెళ్తుంది. అందుకని బ్రష్‌తో రుద్ది కడిగి, ఆరాకే కత్తి పెడుతున్నాం. కత్తులు రోజూ సాన పడుతున్నాం. మొద్దు కత్తి ముక్కను కోయదు, నలుపుతుంది. బొప్పాయి జిగురుకు సగం కారణం అదే.

చీనీ (బత్తాయి) తొనలు డబ్బాలో ఇక ఉండవు. ఒలిచి రసం ఊరాక నిలవ ఉంచితే చేదెక్కుతున్నాయి. కావాలన్నవాళ్లకు కాయగానే ఇస్తాను. జామ ముక్క అంచు గోధుమ రంగుకు తిరిగితే కుళ్లిందనుకోకండి, అది గాలి తగిలి వచ్చే రంగు. నిమ్మరసం పూస్తున్నాం, అయినా కాస్త వస్తుంది.

మీ ఇంట్లో కూడా డబ్బాను ఫ్రిజ్ తలుపులో కాకుండా లోపలి అరలో పెట్టండి. ఈ ఎండల్లో గంటకు మించి బయట ఉంటే తినకండి. ఉప్పు, చాట్ మసాలా తినేముందే చల్లుకోండి, ముందే చల్లితే నీరు కారిపోతుంది. ఏ రోజు డబ్బా ఆ రోజే అయిపోవాలి.

డబ్బా ధర 60 రూపాయల నుంచి 70కి పెరిగింది. ఉదయం ఎనిమిదిన్నర తర్వాత డెలివరీ లేదు, అందువల్ల దూరపు కాలనీలు కొన్ని వదులుకోవాల్సి వచ్చింది. వాళ్లు నన్ను మన్నించాలి. ఫోన్ చేసిన పదకొండు మందికీ డబ్బులు తిరిగి పంపాను. పాడైనా మొహమాటపడి చెప్పనివాళ్లు ఇంకా ఉంటారు. ఏ రోజు తీసుకున్నారో మెసేజ్ పెట్టండి చాలు, ఫొటో అవసరం లేదు.