సీసం పాత్ర అడుగు నుంచి కారే చుక్కల గురించి

గ్రూపు సభ్యులందరికీ నమస్కారం. ఇక్కడ అమెరికాలో గరాజుల్లో సొంతంగా బుల్లెట్లు పోసుకునే మన సభ్యులు కొందరు, అడుగు నుంచి సీసం వదిలే కరెంటు పాత్రలో లీవరు దించిన తరువాత కూడా చుక్కలు ఆగడం లేదని అడిగినందున ఈ సందేశం రాస్తున్నాను.

చాలా సందర్భాల్లో కారణం, రంధ్రాన్ని మూసే కడ్డీ కొనకూ అది ఆనే చోటుకూ మధ్య ఇరుక్కున్న తెట్టు నలుసే. పాత్ర వేడిగా ఉండగానే, తోలు చేతి తొడుగులూ కళ్ళద్దాలూ ధరించి, కడ్డీ పైకొన గాడిలో స్క్రూడ్రైవర్ పెట్టి మెల్లగా నొక్కుతూ అటూ ఇటూ తిప్పితే అది తరచుగా తొలగిపోతుంది. అయినా ఆగకపోతే పాత్రను ఖాళీ చేసి, పూర్తిగా చల్లారాక, కడ్డీ కొనకు వాల్వ్ గ్రైండింగ్ పేస్టు (లోహాన్ని అరగదీసే గరుకు ముద్ద) రాసి రంధ్రంలో తిప్పుతూ నునుపు చేసి, ఆ పేస్టును ఆనవాలు లేకుండా తుడవాలి.

నేను మొదట్లో చక్రాలకు బిగించే పాత సీసపు తూకాలను మట్టితో సహా ఇదే పాత్రలో కరిగించి చాలా ఇబ్బంది పడ్డాను. ఇప్పుడు వాటిని వేరే ఇనుప గిన్నెలో కరిగించి, మైనం వేసి కలిపి, తెట్టు తీసేసి, దిమ్మెలుగా పోసుకున్నాకే వాడుతున్నాను. సీసం సుమారు 327 సెల్సియస్ డిగ్రీల వద్దే కరుగుతుంది కాబట్టి అవసరానికి మించి వేడి పెంచకండి.

చుక్కలు పట్టడానికి కింద పెట్టే అచ్చులో తడి ఏమాత్రం ఉండకూడదు. ఉంటే నీరు ఒక్కసారిగా ఆవిరై కరిగిన సీసం ముఖం మీదికి చిమ్ముతుంది.