వడ్లు లెక్క రాసుకున్నారు, మరి గడ్డి?

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది నెక్కొండ దగ్గర ఊరు. నాలుగు బర్రెలున్నాయి, సొంత భూమి లేదు, ఎకరంన్నర కౌలుకు చేస్తున్నాను. 2025 అక్టోబర్ ఆఖర్లో మొంథా తుపాను వానలకు మా వరంగల్ వైపు కోతకొచ్చిన వరి ఎట్లా పడిపోయిందో పేపర్లలో అందరూ చూశారు. ఎకరాకు 10 వేలు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది, పంట పోయినోళ్లకు అది రావాల్సిందే, అందులో నాకు వేరే మాట లేదు. నేను రాసేది గడ్డి గురించి.

వడ్లు తడిస్తే రోడ్డు మీద ఆరబోసుకుని ఎంతకో అంతకు అమ్ముకున్నాం. గడ్డి అట్లా కాదు. సగం మడిలోనే నీళ్లల్లో నల్లబడింది, మిగిలింది తెచ్చి వాము వేస్తే నెల తిరగకముందే లోపల కుళ్లింది. పైకి బాగానే కనిపిస్తుంది. చెయ్యి లోపలికి పెట్టి పిడికెడు లాగితే వెచ్చగా ఆవిరి తగులుతుంది, తెల్లటి బూజు వేళ్లకు అంటుకుంటుంది. ముందర వేస్తే చూడి బర్రె మూతి దగ్గరికి తెచ్చి, వాసన చూసి తల పక్కకు తిప్పుకుంది. బూజు గడ్డి అసలు వెయ్యొద్దని పశువుల డాక్టరు గట్టిగా చెప్పారు. పోయిన ఏడు ఒక ట్రాక్టర్ గడ్డికి పెట్టిన పైసలకు ఇప్పుడు సగం ట్రాక్టర్ కూడా రావట్లేదు. పూటకు ఐదు లీటర్లిచ్చే బర్రె మూడుకు దిగింది. తవుడు, చెక్క కొనాలంటే ఆ పాల పైసలే కదా ఆధారం, రాత్రి పడుకుంటే అదే టెన్షన్.

నష్టం రాసుకోవడానికి వచ్చిన సారును అడిగితే గడ్డికి కాలమ్ లేదన్నారు. ఆయన తప్పేం లేదు. విపత్తు సాయం నిబంధనల్లో పాడి పశువు చనిపోతే 37,500 రూపాయలు, గొర్రె చనిపోతే 4 వేలు అని ఉంది. బతికున్న పశువుకు మేత సాయం కావాలంటే పశు శిబిరానికి తోలుకుపోవాలి, అక్కడ పెద్ద పశువుకు రోజుకు 80 రూపాయలు. పొద్దున ఐదింటికి పాలు పిండి కేంద్రంలో పోసే ఆడమనిషి బర్రెలను తోలుకుని శిబిరంలో కూర్చుంటుందా? అయితే అవే నిబంధనల్లో శిబిరం బయట ఉన్న పశువులకు మేత చేరవేసే ఖర్చు కూడా ఇవ్వొచ్చని రాసి ఉంది, పశుగణన ప్రకారం లెక్క చూసుకుని. దాన్ని ఎందుకు వాడట్లేదన్నదే నా ప్రశ్న.

అమెరికాలో కరువొచ్చి బీళ్లు ఎండితే పశువులున్నవాళ్లకు మేత ఖర్చు కింద సాయం చేసే పథకం ఉంది, 2014 వ్యవసాయ చట్టంతో దాన్ని శాశ్వతం చేశారు. వారం వారం కరువు మ్యాపు వేస్తారు, ఆ ప్రాంతం తీవ్ర కరువులో ఉందని తేలితే నెల మేత ఖర్చులో 60 శాతం లెక్కన కడతారు. పశువు చావాలని లేదు. కౌలు బీడుకు కూడా వర్తిస్తుంది. అక్కడ వందల ఎకరాల బీళ్లు, మనకున్నది కొట్టంలో రెండు మూడు బర్రెలు, ఆ పథకం మనకు ఉన్నదున్నట్టు సరిపోదు, పైగా అది కరువుకు పెట్టింది, వానకు కాదు. కానీ మేత పోవడం కూడా నష్టమేనని వాళ్లు ఒప్పుకున్నారు, మన దగ్గర ముందు ఆ మాట ఒప్పుకోవాలి.

మా ఊళ్లో గుంట భూమి లేకుండా రెండు బర్రెల మీద బతికే ఇళ్లున్నాయి. పంట నష్టం లిస్టులో వాళ్ల పేర్లు ఎట్లాగూ రావు, గడ్డి మాత్రం వాళ్లూ కొనాల్సిందే. యాసంగి వరి కోసేదాకా మళ్లీ కొత్త గడ్డి లేదు. వాన దెబ్బ తగలని జిల్లాల నుంచి గడ్డి కట్టలు తెప్పించి, బర్రెకు ఇన్ని అని ఊరి దాకా పంపాలి, ఉచితంగా కాకపోయినా సగం ధరకైనా. రాసుకోవడానికి వచ్చేవాళ్లు ఈసారి పొలం గట్టు మీద నుంచే వెనక్కి పోకుండా కొట్టం దాకా వచ్చి, ఆ వాములో ఒక్కసారి చెయ్యి పెట్టి చూడాలి.

ఇట్లు,
ఒక పాడి రైతు,
నెక్కొండ మండలం, వరంగల్ జిల్లా