మన సినిమాల కోసం బెర్లిన్ దాకానా?

సంపాదకుడు గారికి,

మీ ఆదివారం సినిమా పేజీ వదలకుండా చదువుతాను. హీరోల ముహూర్తాలు, వసూళ్లు అన్నీ వేస్తారు. దీపా ధన్‌రాజ్ పేరు మాత్రం అందులో చూసిన గుర్తు లేదు. హైదరాబాద్‌లో పుట్టి, మన బెంగళూరులో ఉంటూ నలభై ఏళ్లుగా డాక్యుమెంటరీలు తీస్తున్నారామె.

1980లో స్నేహితులతో కలిసి ‘యుగాంతర్’ బృందం పెట్టారు. పుణెలో ఇంటిపని చేసే ఆడవాళ్ల మీద, నిపాణిలో పొగాకు కార్మికురాళ్ల మీద సినిమాలు తీశారు. 1991లో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల మీద, 2018లో రోహిత్ వేముల ఉదంతం మీద తీసినవి కూడా ఆమెవే.

నన్ను పట్టుకున్నది మాత్రం 1983 నాటి ‘ఇది కథ మాత్రమేనా’. హైదరాబాద్‌లోని ‘స్త్రీ శక్తి సంఘటన’ అనే మహిళా బృందంతో కలిసి తెలుగులో తీశారు. నిజానికిది డాక్యుమెంటరీ కాదు, చిన్న కథాచిత్రం. ఇంట్లో హింస పడే భార్య కథ. మొన్న మా అమ్మకి ఫోన్‌లో చూపించాను. అయిపోయాక ‘‘ఇదెప్పుడు తీశారే?’’ అంది. ఎనభై మూడులో అన్నాను. ‘‘అప్పటికి నీకు రెండేళ్లు’’ అని లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. నేనింకేమీ అడగలేదు.

హైదరాబాద్‌లో 1984లో జరిగిన మత ఘర్షణల మీద ‘క్యా హువా ఇస్ షహర్ కో’ అని 1986లో ఆమె ఒక సినిమా తీశారు. దాన్ని బాగుచేయించి 2013లో మళ్లీ తెర మీదికి తెచ్చింది బెర్లిన్‌లోని ఆర్సెనల్ అనే సినిమా సంస్థ. యుగాంతర్ సినిమాలను డిజిటల్‌లోకి మార్చడంలోనూ వాళ్ల చెయ్యుంది. వాళ్లకి దండం పెట్టాలి, సందేహం లేదు. కానీ మన పాతబస్తీ గొడవని భద్రంగా దాచే పని జర్మనీ వాళ్ల మీద పడిందంటే నాకైతే తలవంపులుగానే ఉంది.

ఇక్కడి తెలుగు సంఘాలకు నాదొక మనవి. ఉగాదికి గాయకులనీ మిమిక్రీ వాళ్లనీ ఎక్కడెక్కడినుంచో పిలిపిస్తాం. ఒక్క సాయంత్రం ఈ సినిమాలు వేయలేమా? ఊళ్లోనే ఉన్న మనిషిని పిలిచి, ఎలా తీశారో అడిగి తెలుసుకోలేమా? వీటిలో కొన్ని మరాఠీ, హిందుస్తానీల్లో ఉన్నాయి కాబట్టి వాటికి తెలుగు సబ్‌టైటిల్స్ కావాలి. ఆ పని మన రెండు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలు తలచుకుంటే పెద్ద ఖర్చేమీ కాదు.

మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఐపీఎల్ కోసం కొన్న పెద్ద తెర ఉంది. అనుమతి తెచ్చే బాధ్యత ఎవరైనా తీసుకుంటే, కుర్చీలూ కాఫీలూ నేను చూసుకుంటాను. అమ్మని ముందు వరసలో కూర్చోబెడతాను, వస్తానంటే.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మారతహళ్లి, బెంగళూరు